మోతి తెచ్చే చెప్పులు

కోదాడ, మంగళవారం రాత్రి

మా కుక్క మోతి ఎత్తుకొచ్చే చెప్పుల పంచాయితీ సాయంత్రం మా వాకిట్లోనే జరిగింది. ఎదురింటి సత్యమన్న, ఇంకో రెండిళ్ల వాళ్లు వచ్చారు.

"పొద్దున డ్యూటీకి పోదామంటే చెప్పులుండవు చెల్లె. కుక్కను కట్టెయ్యి, లేకుంటే ఎవరికన్న ఇచ్చెయ్యి," అన్నాడు సత్యమన్న.

నాకు ఒళ్లు మండింది. "మీ చెప్పులు మీరు ఇంట్ల పెట్టుకోవచ్చు గదా అన్నా," అన్నాను.

అప్పుడు ఆయన భార్య లక్ష్మక్క మా గడప పక్కకు చూస్తూ, "అది ఆడోళ్ల చెప్పులు ముట్టదు, సూసినవా? మగోళ్లయే తెచ్చి గాడ పెడ్తది," అంది మెల్లగా.

అది మా ఆయన చెప్పులు విడిచే చోటు. ఆయన పోయాక, దశదినకర్మ నాడు బట్టలతో పాటు చెప్పులన్నీ ఇచ్చేశాం. ఒక్క జతైనా ఉంచుకోవాలని నాకెందుకు తోచలేదో...

సత్యమన్న తన కాళ్లకున్న చెప్పులు అక్కడే విడిచాడు. "ఇవి గీడనే ఉండనీ చెల్లె," అని వట్టి కాళ్లతో వెళ్లిపోయాడు.

మోతి వచ్చి వాటిని వాసన చూసింది. మళ్లీ గేటు దగ్గరికి పోయి రోడ్డువైపు తిరిగి పడుకుంది. అంటే రేపు కూడా ఎవరివో తెస్తుందేమో. వాళ్లు మళ్లీ వస్తే ఏం చెప్పాలి?

ఇందాక తలుపు వేయబోతుంటే గడప పక్కన మగమనిషి చెప్పులు కనిపించాయి. గబుక్కున లోపలికి తిరిగి, "ఎప్పుడొచ్చిన్రు?" అని అడిగాను.

గేటు దగ్గర మోతి తల కూడా ఎత్తలేదు.