వాపిటికి వాహనపూజ

బెడోక్, సింగపూర్, 4 మార్చి 2000

పూజ్యులు వెంకటేశ్వర రావు అంకుల్‌కి ఉపేంద్ర నమస్కరించి రాసేది,

పని మాటలు కాగితం మీదే ఉండాలన్నారు కనుక ఈ ఉత్తరం. సెంబవాంగ్‌లో మీ షెడ్డు ఇచ్చిన పుణ్యమా అని మా వాపిటి విమానం నిలబడింది. 1930ల్లో బ్రిటిష్ వైమానిక దళం వాడింది, రెక్క మీద రెక్క! బాంబులు వేయడం, టపా మోయడం, ఫొటోలు తీయడం, అన్నీ దాని పనే. ఆఫీసులో నాలాగే. పంతొమ్మిదిన ప్రదర్శన, బహుమతుల పోటీ. “మొదలెట్టిన పని పూర్తి చేసినవాడికే మా అమ్మాయి భువన” అన్న మీ మాట రోజూ తలుచుకుంటున్నాను.

మీ ఉపేంద్ర

తా.క.: వెనక సీటు వెనక్కి తిరిగే ఉంటుంది. తుపాకీవాడిది. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.

సెంబవాంగ్, 8 మార్చి

చిరంజీవి ఉపేంద్రకి ఆశీస్సులు.

షెడ్డుకెళ్లి చూశాను. బ్రహ్మాండం! కానీ బాబూ, మొగుడూ పెళ్లాలు వీపులు చూపించుకుని కూర్చుంటారా? మా యార్డు వడ్రంగి ఏడుకొండలు చేత సీటు ముందుకు తిప్పించాను. కొత్త బండికి పూజ చేయకపోతే మీ ఆంటీ ఊరుకోదు. పన్నెండున ముహూర్తం. పెళ్లయ్యాక ఇద్దరూ మలేసియాలో జోహోర్ దాకా ఎగిరి రండి.

వెంకటేశ్వర రావు

తా.క.: పూజకి నలభై మంది వస్తున్నారు. ఒక్కో రౌండుకి ఎంతమంది పడతారు?

బెడోక్, 11 మార్చి

అంకుల్‌గారికి నమస్కారాలు.

కొంప ముంచారు! అది ఎగరదంకుల్. చెక్క, గుడ్డ, ఇంజిను చోట ఖాళీ డబ్బా. చూడ్డానికి పెట్టే నమూనా. సీటు అలా ఉంటే న్యాయనిర్ణేత గుమ్మంలోనే తిప్పి పంపుతాడు. నేనొచ్చి సరిచేద్దామంటే ఆఫీసులో కొత్త వెబ్‌సైట్ అట, పంతొమ్మిది దాకా కుర్చీలోంచి లేవనివ్వరు. మీకు దండం పెడతాను, ఇంకేమీ కదపకండి.

మీ ఉపేంద్ర

తా.క.: ముఖ్యంగా ముందున్న పంకా. నాలుగు నెలలు చెక్కాను.

సెంబవాంగ్, 20 మార్చి

నాయనా ఉపేంద్రా,

నీ ఉత్తరం పూజయ్యాక అందింది. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలా అని చూస్తే పంకాయే గట్టిగా కనిపించింది. కాయ పగల్లేదు.

రెండు రోజులు నాకు ముద్ద దిగలేదంటే నమ్ము. భువన మాత్రం “డోంట్ వర్రీ లా, డాడీ” అని, సెలవు పెట్టి, ఏడుకొండలుతో పాటు వారమంతా షెడ్డులోనే ఉంది. కొత్త పంకా చెక్కింది, సీటు మళ్లీ వెనక్కి తిప్పింది, రెక్కలకి మిగిలిన గుడ్డ కుట్టింది. నిన్న మొదటి బహుమతి! నాకు ఏడుపొచ్చేసింది.

కానీ ఓ చిక్కొచ్చిపడింది. మొదలెట్టింది నువ్వు, పూర్తి చేసింది అది. మాటంటే మాటే కదా. ఇక నీకు ఇవ్వడానికి నేనెవర్ని? ఎంచుకునే హక్కు దానిదే. అందుకని ఆదివారం పది గంటలకి ముగ్గురం మీ ఇంటికి వస్తున్నాం, అబ్బాయిని చూసుకోవడానికి.

ఆశీస్సులతో,
వెంకటేశ్వర రావు

తా.క.: ఉప్మా నువ్వే చెయ్యాలి. పాట వచ్చా అని భువన అడుగుతుందట. తల వంచుకుని పాడు, అణకువ ఉందనుకుంటుంది.