అవ్వ తలకు డ్రై షాంపూ

గోదావరిఖని, ఆదివారం

చెల్లె రాజకుమారీ,

అవ్వకు దగ్గు తగ్గింది, ఫికరు పడకు. ఛాతీలో నెమ్ము చేరింది, తల తడపొద్దని డాక్టర్ చెప్పినా ఆమె శుక్రవారం తలస్నానం మానితేనా! ఇరవై ఏళ్లుగా మీటింగుల్లో మూఢాచారాలను దులిపేస్తున్న నేను ఇంట్లో ఒక్క ముసలామెను ఒప్పించలేకపోయాను. చివరికి నా బిడ్డ సారిక తన డ్రై షాంపూ డబ్బా తెచ్చి, చుక్క నీళ్లు లేకుండా అవ్వ జుట్టుకు కొట్టి దువ్వింది. "తానం చేసినట్టే ఉన్నది బిడ్డా" అని అవ్వ దీపం పెట్టింది. ఆచారం పోలేదు, డబ్బాలోకి దూరిందంతే!

నిన్న మన పాత క్వార్టర్ల పోశం కాక దహనానికి వెళ్లొస్తే అవ్వ గడపకు అడ్డం నిలబడింది. మైల లేదు, మట్టి లేదు, నేను తల మీద నీళ్లు పోసుకోనన్నాను. "నువ్వు పోసుకోకుంటే నీ మైలకు నేను పోసుకుంట" అని బకెట్ అందుకుంది. సారిక డబ్బా పట్టుకొచ్చి "బాపూ, జర తలకాయ వంచు" అంది. వంచాను. ఇంకేం చెయ్యమంటావు?

బావ బీపీ గోళీలు వేసుకుంటున్నాడా? డబ్బా అడుగంటింది. మందమర్రిలో దొరికితే ఎవరన్నా ఇటు వస్తుంటే ఇంకోటి ఇచ్చి పంపు. అవ్వకే, నాకు కాదు.

మీ అందరి మేలు కోరే అన్న,
భూపాల్