సహాయం అడిగింది మా అమ్మకి

వార్డు ఆఫీసు వృద్ధుల విభాగం అధికారి గారికి,

ఇంటి సాయం మంజూరు కోసం మీ ఉద్యోగి మా ఇంటికొచ్చి పరీక్షించాల్సింది తొంభై ఆరేళ్ల మా అమ్మ తోమెని. ఆ రోజు అమ్మ మంచి కిమోనో కట్టుకుని కూర్చుని, నన్ను చూపించి, "పాపం, మా పిల్లకి ఏదీ గుర్తుండదు నాయనా" అంది. అతను నన్ను తేదీ అడిగాడు. డెబ్బై మూడేళ్లదాన్ని, కంగారులో తప్పు చెప్పాను. ఇంకేముంది, పనిమనిషిని నాకు మంజూరు చేశారు.

మూడుసార్లు వచ్చి మొత్తుకున్నాను. "మిమ్మల్ని చూసుకునేవాళ్లని తీసుకురండమ్మా" అంటారు మీవాళ్లు. చూసుకునేది మా అమ్మట.

రెండేళ్లుగా నేను లేపితే తప్ప లేవని మనిషి, నా పేరున ఆ మంజూరు కాగితం వచ్చినప్పటి నుంచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి నాకు సోయా ముద్ద కలిపి మిసో చారు కాస్తోంది. ఉప్పు కషాయం. వద్దంటే, "నోర్మూసుకుని తాగవే, నీ ఒంట్లో బాగాలేదు" అంటుంది.

తప్పు వెంటనే దిద్దండి. కొత్త కాగితం మాత్రం ఇంటికి పంపకండి. నేనే వచ్చి తీసుకుంటాను. అమ్మ చూడకూడదు.

ఇట్లు,
తోమె కూతురు