బెర్రీల బకెట్ పాట

1984 ఫిబ్రవరి 6
పొరుగూరి డాన్స్ పండక్కి మా ఊరిని కూడా పిలిచారు. ఆడటానికి మాకేం మిగిలిందని? నేను పుట్టకముందే పాదిరీ ఆట మాన్పించి, డప్పులన్నీ పొయ్యిలో పెట్టించాడు.

వాసిలీ మామయ్యకి అమ్మమ్మ పాటొకటి గుర్తుంది. బెర్రీలు కోస్తుంటే వానొచ్చి బకెట్ నిండిపోయే పాట. ఆడవాళ్ల చేతులు ఎలా ఆడాలో మాత్రం తెలీదు. అది తెలిసింది మా అమ్మొక్కదానికే.

ఫిబ్రవరి 7
అమ్మ ససేమిరా అంది. చిన్నప్పుడు ఇంకెప్పుడూ ఆడనని పాదిరీకి మాటిచ్చిందట. ఆయన పోయి ఇన్నేళ్లయిందిగా అన్నాను. మాట పోలేదంది. ఒళ్లు మండింది.

అది దయ్యాల ఆట అని కూడా అంది. దయ్యాలు ఈపాటికి మన అడ్రస్ మరిచిపోయుంటాయిలే అన్నాడు మామయ్య.

ఫిబ్రవరి 19
స్కూల్ జిమ్‌లో ప్రాక్టీస్. డప్పుకి పడవ టార్పాలిన్ బిగించాడు మామయ్య. మేం ఆట విసనకర్రలు పట్టుకుని చేతులు ఊపుతుంటే దోమలు తోలుకుంటున్నట్టుంది. ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 26, సాయంత్రం
 ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

మా అమ్మమ్మ చనిపోయిన ఏడాదే నా కూతురు నయగాక్ పుట్టింది. దానికి అమ్మమ్మ పేరే పెట్టాం. మా లెక్కలో పేరుతోపాటు మనిషీ వస్తుంది. అందుకే అమ్మకి అది మనవరాలు కాదు, తల్లి. చేపలో మంచి ముక్క దానికే పెడుతుంది.

ఇవాళ మామయ్య మా ఇంట్లో డప్పు కొడుతుంటే నయగాక్ ముందుకెళ్లి, టీవీలో ఈ ఆట ఆడిన మగవాళ్లలా మోకాళ్ల మీద కూర్చుని ఆడింది. అమ్మ చేప కోస్తున్న కత్తి పక్కన పడేసి లేచింది.

"లే అమ్మా. నువ్వెప్పుడూ మోకాళ్ల మీద ఆడలేదు. నిలబడి ఆడేదానివి. నేను చూశాను."

వెనక నిలబడి దాని మణికట్లు పట్టుకుంది. ఆ చేతులతో వాన కురిపించింది, బకెట్ ఎత్తించింది, తడిసిన జుట్టు పిండించింది. మామయ్య కళ్లు తుడుచుకోకుండా కొడుతూనే ఉన్నాడు.

ఆడనని మాటిచ్చాను గానీ మా అమ్మ తప్పు దిద్దనని ఇవ్వలేదుగా అంది అమ్మ, మళ్లీ చేప ముందు కూర్చుంటూ.

మార్చి 17
గెలిచాం! పోటీ ఏం కాదు, అయినా గెలిచాం.

పొరుగూరి పండగలో మా బకెట్ నిండేసరికి జనం విరగబడి నవ్వారు. పాట అయిపోయింది. ఎవరైనా "పామ్యువా" అని, అంటే మళ్లీ ఆడమని, అరిస్తే డప్పు మళ్లీ మోగాల్సిందే. వెనక బెంచీ మీంచి ఓ గొంతు అరిచింది. అమ్మ గొంతు.

డప్పు ఇంకా జోరందుకుంది. అమ్మ ఇంకోసారి అరిచింది. ఆ తర్వాత బెంచీ ఖాళీ. నా పక్కన నిలబడి ఉంది, చేతులెత్తి, నయగాక్ కంటే బాగా ఆడుతూ.

మార్చి 18, ఆదివారం
అమ్మ చర్చికెళ్లింది. నా ఆట విసనకర్రలు కూడా పట్టుకెళ్లింది.