కేప్ టౌన్ కాగితం, వారానికొక్క వాక్యం

ఆదోని, 4-1-1979

పూజ్యులు భీమసేనరావు సారుకు, మీ దగ్గర ఇంగ్లీషులో మూడుసార్లు తప్పిన జమాలుద్దీన్ సలాములు.

సార్, మా అమ్మ సైదా బీకి ఒకే ఒక అన్న, బడే సాబ్ మామ. నేను పుట్టకముందే దర్జీపనికని ఓడెక్కి కేప్ టౌన్ పోయినాడు. పదేండ్లుగా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మొన్న హజ్‌కు పోయొచ్చిన బొంబాయి మనిషొకాయన పొట్లం పంపినాడు. మామ ఇచ్చింది చేతులు మారి మారి వచ్చిందంట. లోపల అమ్మకు వెండి కడియాలు, వాటికి చుట్టి ఒక కాగితం. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు కావు. అది ఆఫ్రికాన్స్ అయ్యుంటుందని పోస్టుమాస్టరు అన్నాడు. మీ తమ్ముడు యుద్ధానికి పోయి ఆ భాష పుస్తకమొకటి తెచ్చినాడని క్లాసులో చెప్పేవారు కదా! కాగితం జతచేసినాను. అమ్మది పొద్దస్తమానం ఒకటే మాట, "మా అన్న బతికుండాడా? కండ్లారా సూస్తానా?" అని. తొందరగా రాయండి.

మీ శిష్యుడు, జమాలుద్దీన్

తా.క. నేనిప్పుడు జిన్నింగు మిల్లులో పత్తి తూకం రాస్తాండాను. ఇంగ్లీషుతో పనిబడలేదు. మీరు బాధపడొద్దు.

ఎమ్మిగనూరు, 9-1-1979

చిరంజీవి జమాలుద్దీన్‌కు ఆశీస్సులు.

కాగితం అందింది. పుస్తకమూ దొరికింది. ఇంగ్లీషు వచ్చినవారికి ఆఫ్రికాన్స్ నేర్పే పుస్తకం. అయితే జవాబు చెప్పేయడం నా పద్ధతి కాదు, నేర్పడం నా పద్ధతి. వారానికొక్క వాక్యం.

"డీ ఓ మన్ ఇస్ సిక్." ముసలాయనకు జబ్బు చేసింది. నేనైనా, నువ్వైనా, వాళ్లైనా అదే "ఇస్". ఇంగ్లీషులాగా యామ్, ఆర్ అంటూ నిన్ను ఏడిపించదు. ఐదుసార్లు రాసి పంపు.

శుభం కోరే, భీమసేనరావు

తా.క. రెండో వాక్యంలో డాక్టరున్నాడు. ఆత్రపడకు.

ఆదోని, 13-1-1979

సారుకు సలాములు.

ఐదుసార్లు రాసినాను. రాసేకొద్దీ మామకు జబ్బు ముదిరినట్టయింది. అమ్మ అన్నం ముట్టలేదు. మీ కాళ్లు పట్టుకుంటా సార్, డాక్టరు ఏమన్నాడో చెప్పండి.

జమాలుద్దీన్

తా.క. మా మిల్లు మారెప్ప "ఆడ డాక్టర్లు గట్టోళ్లమ్మా" అని అమ్మకు ధైర్యం చెప్పినాడు. ఆయప్ప మా పక్కనుండే హొళగుంద దాటి ఎరగడు.

ఎమ్మిగనూరు, 18-1-1979

చిరంజీవికి ఆశీస్సులు.

మీ అమ్మగారి ముఖం చూసి ఈసారి రెండు వాక్యాలు.

"ఓన్స్ హెట్ డీ డోక్టర్ ఖెరూప్." మేము డాక్టరును పిలిచాము. "హెట్" ఇంగ్లీషు పద్ధతిలో రెండో చోట నిలబడింది. పిలవడమనే అసలు పని మన తెలుగులోలాగా చివర కూర్చుంది. ఎంత ముచ్చటగా ఉందో చూడు!

"డీ డోక్టర్ హెట్ నీ ఖెకోమ్ నీ." డాక్టరు రాలేదు. లేదనే మాట వాళ్లు రెండుసార్లు అనాలి, లోపలొకటి, చివరొకటి.

భీమసేనరావు

తా.క. నాలుగో వాక్యం చిన్నదే. నీకు కూడా వస్తుంది.

ఆదోని, 22-1-1979

సారుకు సలాములు.

"రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ రాలేదంటనా! వాని సదువు తగలెయ్య!" అని అమ్మ లోకంలోని డాక్టర్లందరినీ తిట్టింది. మా వీధి కాంపౌండరు విని, ఇంక మా ఇంటికి సూది వేయనంటాండాడు. ఆ చిన్న వాక్యమేదో వెంటనే చెప్పండి.

జమాలుద్దీన్

ఎమ్మిగనూరు, 27-1-1979

నాయనా జమాలుద్దీన్,

"డీ ఓ మన్ ఇస్ డోట్." ముసలాయన పోయాడు. ఇది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మీ అమ్మగారిని ఓదార్చు. ఇలాంటప్పుడు పాఠం చెప్పకూడదు గానీ, ఐదో వాక్యం చాలా ముఖ్యం.

"మోర కూప్ ఓన్స్ ఎ న్యూవ హుట్." రేపు మేము కొత్త టోపీ కొంటాము. "రేపు" ముందుకొచ్చినా క్రియ తన రెండో చోటు వదలదు. కర్తే లేచి దాని వెనక్కి పోతాడు.

భీమసేనరావు

తా.క. ఆరో వాక్యంలో కుక్క అన్నం తింటోంది. ఆ ఇంట్లో ఎవరికీ పెద్దగా దుఃఖం ఉన్నట్టు లేదు.

ఆదోని, 12-2-1979

సారుకు వేయి సలాములు.

టోపీ సంగతి విని అమ్మ, "మొగుడు సచ్చిన మర్నాడే టోపీనా!" అని కేప్ టౌన్ వదినకు శాపనార్థాలు పెట్టింది. ఏడ్చి ఏడ్చి, నిన్న అన్న ఆత్మశాంతికి ఫాతెహా చదివించి వాడకంతా అన్నం పెట్టింది. బొంబాయి మెయిలు దిగిన ముసలాయనెవరో పెట్టెతో సహా వచ్చి భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాడు. నేనే వడ్డించినాను. రెండోసారి పెట్టించుకొని, "ఎవరప్పా పోయింది?" అన్నాడు.

"మా మామ బడే సాబ్. డాక్టరు రాలేదంట" అన్నాను.

ఆయన ముద్ద కింద పెట్టి, "నేనేరా బడే సాబ్!" అన్నాడు. అమ్మ లోపల్నుంచి ఉరికొచ్చి చూసింది. ముందు చెంప మీద ఒకటేసింది, ఆపైన మెడ పట్టుకొని బోరున ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది సార్.

కాగితం చూపిస్తే మామ పొట్ట పట్టుకొని నవ్వినాడు. వాళ్లింట్లో ఇంగ్లీషేనంట. మనవరాలికి బడిలో ఆఫ్రికాన్స్ నేర్పుతారంట. అది ఆ పిల్ల హోంవర్కు! కడియాలకు గీతలు పడకుండా చుట్టినాడంట. "నేనే వస్తాంటే ఉత్తరమెందుకురా?" అన్నాడు.

సార్, "కాకి గోడపై వాలెను, రంగడు జ్వరముతో పడుకొనెను" అని ముప్పైయేండ్లు మాతో రాయించినారే, మీకన్నా అనుమానం రాలేదా?

మీ జమాలుద్దీన్

తా.క. మామకు వచ్చే నెల తిరుగు ఓడ. అమ్మ పంపనంటాంది. "ఫాతెహా అయిపోయినోడు మళ్లా యాడికి పోతాడు?" అని పెట్టె తాళంచెవి కొంగున ముడేసుకుంది.