మల్లెకు ఒత్తు లేదు

3, ఆదివారం. కాఫీ తర్వాత.

తీర్మానం చేశాను. ఇంట్లోనే కొవ్వొత్తులు పోస్తాను. గాజు గ్లాసుల్లో, మల్లె వాసనతో. ఈసారి మధ్యలో వదిలేది లేదు!

కారణం రాసిపెట్టుకోవాలి, లేకపోతే పది రోజులకు మర్చిపోతాను. చలికాలంలో మా ఆవిడకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆ జ్వరం వాసనను కూడా మూటగట్టుకుపోయింది. పాలు మాడినా తెలియదు. గ్యాసు వాసన వచ్చినా తెలియదు. ఒకప్పుడు ఆవిడకు ముక్కు మీద కోపం. ఇప్పుడు ఆ ముక్కుకు మిగిలిన పని అదొక్కటే.

డాక్టరు ఏమన్నాడంటే: "రోజూ ఒక మంచి వాసన చూపిస్తూ ఉండండి. రావచ్చు, రాకపోవచ్చు. ఒత్తిడి మాత్రం పెట్టుకోవద్దు." ఒత్తిడి వద్దన్నాడు కనుక ఒత్తితో మొదలుపెడుతున్నాను. ఈ మాట చెబితే మా అమ్మాయి నవ్వలేదు.

బజారు కొవ్వొత్తులు తెచ్చి చూశాం. నాకూ అమ్మాయికీ తలనొప్పి వచ్చింది. ఆవిడకు అదీ రాలేదు.

నిన్న మా మరదలు పాపాయిని ఎత్తుకొచ్చింది. నెలల పిల్ల. మా ఆవిడ పిల్ల మాడు మీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పిల్లను చెల్లెలి చేతికిచ్చేసి, "నాకేం రావట్లేదే" అంది. మామూలుగానే అంది. నేనే లేచి వెళ్ళి, ఏ పనీ లేకపోయినా, కుళాయి తిప్పాను.

నియమాలు:
– ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒత్తి మారిస్తే సెంటు మార్చకూడదు.
– పోసిన కొవ్వొత్తిని వారం దాకా ముట్టుకోకూడదు. మైనమూ సెంటూ ఒకదానికొకటి అలవాటు పడాలట.
– వెలిగించేముందు ఒత్తిని బియ్యపుగింజంత ఉంచి కత్తిరించాలి.
– ఆవిడను "వచ్చిందా, వచ్చిందా" అని అడగకూడదు.

ఈ చివరిది చాలా ముఖ్యం. కింద గీత గీశాను.

5, మంగళవారం

ఒత్తులు వచ్చాయి! తెల్లగా, నిటారుగా, కింద రేకు బిళ్ళలతో. అన్ని సైజులవీ ఉన్నాయి. పోస్టులో వచ్చిన పెట్టెను నేను ఇంత ప్రేమగా విప్పి ఎన్నాళ్ళయిందో.

పెట్టెలో ఒక కాగితం ఉంది, ఏ గ్లాసుకు ఏ ఒత్తి అని. అబ్బబ్బ, ఏం తప్పులు! "వెడెల్పు" అట. "ఒతి" అట. ఒత్తికే ఒత్తు లేకపోతే ఇంక మనుషులు ఏమైపోవాలి? నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. ఎర్ర పెన్ను తీసి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా దిద్దేశాను. చూడముచ్చటగా తయారైంది.

తర్వాత గ్లాసు కొలిచాను. మా గ్లాసులు పొట్టివి, నోరు పెద్దవి. అడుగు నుంచి అంచు దాకా స్కేలు పెట్టి, పట్టికలో చూసి, దానికి తగిన సన్నని ఒత్తి తీశాను. మైనం కరిగించాను. మల్లె సెంటు కలిపాను. పోశాను. ఒత్తి వాలిపోకుండా రెండు పుల్లల మధ్య ఇరికించాను. వంటింటి గట్టు మీద ఒక చుక్క కూడా పడలేదు. (రెండు పడ్డాయి.)

మూతకు చీటీ అంటించి, నా అచ్చులాంటి రాతతో పేరు రాశాను. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"మల్లెకు ఒత్తు లేదండీ."

చూశాను. "మలె" అని ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా చేత ఒత్తు పెట్టించిన మొదటి మనిషి మా ఆవిడ. ఈ సంగతి ఆఫీసులో తెలియకూడదు.

7, గురువారం. ఆఫీసు నుంచి రాగానే.

వారం ఆగాలని రాసుకున్నాను, నిజమే. కానీ వారం అంటే ఏమిటి? ఎండాకాలం వారం వేరు, చలికాలం వారం వేరు. ఈ మధ్య ఎండలు బాగా ఉన్నాయి. ఈ లెక్కన వారం అయిపోయినట్టే.

వెలిగించాను. మైనం గ్లాసు అంచు దాకా కరగాలి, అప్పుడే వాసన గదంతా పరుచుకుంటుందట. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాను. కళ్ళల్లో ఒత్తులు బాగానే ఉన్నాయి. గ్లాసులోదే మైనం మధ్యలో చిన్న బావి తవ్వుకుని, అందులో మునిగి ఆరిపోయింది.

వాసన నాకే రాలేదు. ఇంక ఆవిడకెలా వస్తుంది?

నేను అడగలేదు. ఆవిడ వైపు చూశానంతే. "అలా చూడకండి, అడిగినట్టే ఉంది" అంది.

10, ఆదివారం

తప్పు ఒత్తిది కాదు, సెంటుది. రెట్టింపు పోశాను. మైనం కూడా మార్చాను. గది కిటికీ కూడా మూశాను. ఒకసారికి ఒక్కటే మార్చాలన్న నియమం ప్రయోగశాలల్లో జీతాలు తీసుకునేవాళ్ళ కోసం. మనం సంసారులం.

మళ్ళీ బావి. ఇంకా లోతుగా.

"వచ్చిందా?" అని అడిగాను. నియమం పోయింది. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

12, మంగళవారం

ఒత్తులమ్మే ఆవిడకు ఫోన్ చేసి గట్టిగా అడిగాను.

"మీ ఒత్తులు మునిగిపోతున్నాయమ్మా!"

"గ్లాసు లోపలి వెడల్పు ఎంత సార్?"

"వెడల్పెందుకు? ఎత్తు చెబుతాను, రాసుకోండి."

చాలా మర్యాదగా, "ఒత్తిని వెడల్పు చూసే తీసుకోవాలి సార్. కాగితంలో మొదటి లైనే అది" అంది.

కాగితం తీశాను. మొదటి లైనే. అందులో "వెడల్పు" అన్న మాట దగ్గర నా ఎర్ర సిరా. దిద్దింది నేనే. బుద్ధిగా, గుండ్రంగా. చదవడం మాత్రం చదవలేదు. మా వృత్తిలో ఇదొక జబ్బు. అక్షరాలు కనిపిస్తాయి, ఏం చెప్పారో కనిపించదు. చావుకబురు ఇచ్చినా ముందు పొల్లు సరిచూస్తాం.

"కాగితంలో తప్పులున్నాయమ్మా" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక.

"అవునా సార్? ఎవరితోనైనా దిద్దిస్తాను" అంది. ఫోన్ పెట్టేశాను.

14, గురువారం

వెడల్పు కొలిచాను. పట్టిక ప్రకారం మధ్యరకం ఒత్తి పెట్టాలి. ఇప్పటికే చాలా ఆలస్యం అయింది కదా అని దానికంటే రెండు సైజులు లావుది పెట్టాను. పోశాను. గడ్డకట్టగానే వెలిగించాను. కత్తెర కనబడలేదు కాబట్టి కత్తిరించలేదు. (కత్తెర నా జేబులోనే ఉంది. తర్వాత తెలిసింది.)

ఈసారి అంచు దాకా కరిగింది! నా ముక్కుకు కూడా ఏదో తగిలింది! కానీ ఒత్తి తల మీద నల్లగా పుట్టగొడుగు లేచింది, మంట జిమ్నాస్టిక్స్ మొదలుపెట్టింది. ఆర్పేశాను.

ఆవిడ పక్కన కూర్చుని కంచంలో కూర కెలుకుతోంది. ఈ మధ్య తిండి కూడా అలాగే తింటోంది, ఎవరి కోసమో తింటున్నట్టు.

"ఏమండీ, వచ్చిందని చెప్పనా?" అంది.

"వచ్చిందా?"

"రాలేదు. కానీ చెప్పనా? మీరు ఇది ఆపేస్తారు కదా. మీ మొహం చూడలేకపోతున్నాను."

వద్దన్నాను. ఆవిడ కోసం మొదలుపెట్టిన పని నన్ను ఓదార్చే పనిగా మారి ఆవిడ నెత్తినే పడింది. నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఇంకెప్పటికీ రాకపోతే?

16, శనివారం

ఆఫీసులో పని ఎక్కువ. ప్రయోగం జరగలేదు.

పై మాట అబద్ధం. ఆఫీసుకు సెలవు.

17, ఆదివారం. మధ్యాహ్నం.

ఇది ఆఖరి పేజీ. చచ్చినా ఇక ఒత్తి ముట్టుకోను.

పొద్దున ఆవిడ బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. అదును చూసి, కసికొద్దీ ఒకే గ్లాసులో రెండు ఒత్తులు పెట్టాను. రెండూ అన్నిటికంటే లావువి. కత్తిరించలేదు. వెలిగించి, "చూద్దాం, ఎవరు గెలుస్తారో" అన్నాను. గ్లాసు గెలిచింది.

రెండు మంటలూ చేతులు కలిపి ఒకటయ్యాయి. నల్లటి పొగ, తాడులా, తిన్నగా పైకప్పుకు. మూత కోసం వెతుకుతున్నాను. మూత మీద "మల్లె" చీటీ తడి ఆరలేదని ఎండలో పెట్టింది నేనే. ఇంతలో పైనుంచి ఆవిడ కేక.

"ఏమండీ! ఏదో మాడుతోంది!"

"ఏం మాడట్లేదు! నువ్వు బట్టలు ఆరేసుకో!" అని అరిచి, పళ్ళెం బోర్లించి మంట ఆర్పాను. గోడ మీద మూరెడు మసి. మసి పూసి మారేడుకాయ చేద్దామంటే మసి ఒక్కటే ఉంది. తడిగుడ్డతో తుడిస్తే మూరెడు కాస్తా బారెడు అయింది. క్యాలెండరు తగిలించాను. చాలలేదు.

ఆవిడ దిగొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గోడ వైపు చూడను కూడా చూడలేదు. ఆ నల్లబడ్డ గ్లాసును ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. తిట్టడం కూడా దండగ అనుకునే దాకా వచ్చిందన్నమాట. నా మీద ఆశ వదులుకున్నట్టుంది. వదులుకోవాల్సిందే.

మైనం, సెంటు, ఒత్తులు అన్నీ అట్టపెట్టెలో పడేసి తాడు కట్టాను. సమాప్తం.

అదే రోజు. సాయంత్రం.

అమ్మాయి వచ్చింది. గోడ చూసి ముక్కున వేలేసుకుంది. జరిగింది చెప్పాను, అక్షరం పొల్లుపోకుండా. మొత్తం విని, "అప్పుడు అమ్మ ఎక్కడుంది?" అంది.

"చెప్పాను కదా, డాబా మీద."

"మెట్ల తలుపు?"

"వేసే ఉంది. కింద వేలెడు సందుంది, అంతే."

"పొగ కనిపించిందా అమ్మకు?"

"ఎలా కనిపిస్తుంది? కిటికీలు నేనే మూశాను."

"నాన్నా, అమ్మ ఏమని అరిచిందో ఇంకోసారి చెప్పు."

"ఏదో మాడుతోంది అని..."

అక్కడ ఆగిపోయాను. ఆ మాట నేను చెవులారా విన్నాను. జవాబు కూడా ఇచ్చాను. మధ్యాహ్నం నా చేత్తో ఈ పుస్తకంలో రాశాను, ఆశ్చర్యార్థకాలతో సహా. ఒక్క అక్షరం తప్పులేదు.

లోపలికి పరుగెత్తాను. ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. ముక్కు కొస నల్లగా ఉంది.

"మరి చెప్పలేదేం?" అన్నాను. అరిచాననుకుంటాను.

"చెబితే పోతుందేమోనని భయమేసిందండీ" అంది. "పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ఇంకా పోలేదు."

నేను కింద కూర్చుని ఏడ్చాను. అమ్మాయి కూడా. ఆవిడ మాత్రం ఏడవలేదు, గోడ చూసింది. చూసి అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

18, సోమవారం

సెలవు పెట్టి మరదలింటికి వెళ్ళాం. మా ఆవిడ చెప్పులు విప్పకుండానే పిల్లను లాక్కుని మాడు మీద ముక్కు పెట్టింది. అందరం ఊపిరి బిగబట్టాం. నియమం గుర్తుంది. నేను అడగలేదు.

"మసి వాసనొస్తోందే" అంది.

మరదలు మొహం మాడిపోయింది. "ఏంటక్కా! ఇప్పుడే కదా స్నానం చేయించాను! బావా, చూశారా ఈవిడ మాటలు!"

"పిచ్చిదానా, ఏదో ఒకటి వస్తోంది కదే" అంటూ మా ఆవిడ పిల్లను గుండెకు అదుముకుని, మళ్ళీ వాసన చూసి, మళ్ళీ చూసి, ఇప్పుడు ఏడ్చింది. పిల్లకు ఏం అర్థమైందో, అదీ ఏడ్చింది.

డాక్టరుకు ఫోన్ చేశాను. మొదట్లో అన్నీ ఒకే వాసనలా ఉండొచ్చట, ఆగమన్నాడు, రోజూ చూపిస్తూ ఉండమన్నాడు. ఒత్తిడి వద్దని మళ్ళీ అన్నాడు.

19, మంగళవారం. కాఫీ తర్వాత.

తీర్మానం చేశాను. అట్టపెట్టె తాడు విప్పాను. ఈసారి మధ్యలో వదిలేది లేదు!

గ్లాసు లోపలి వెడల్పు కొలిచాను. కాగితం మొదటి లైను పైకి చదివాను, అమ్మాయి ఎదురుగా. మధ్యరకం ఒత్తి, ఒక్కటే. కత్తెర మేకుకు వేలాడదీశాను. పోశాను. వారం ఆగాలి. ఎండాకాలం వారం కాదు, మామూలు వారం.

మా ఆవిడ మూత తెచ్చి నా ముందు పెట్టింది. "ముందు మసి వచ్చింది కదా, తర్వాత ఇదే రావాలి" అంది. పక్కనే నిలబడి, నేను రాసేదాకా కదల్లేదు.

మల్లె.

ఒత్తులు రెండూ సరిచూశాను, మూత మీదిదీ లోపలిదీ.