గీత దాటిన బంతి

విడవలూరు,
8-10-1962

మా అబ్బయ్య హెబ్రోనుకు మీ మేనత్త ఎలిశబెతు ప్రభువు పేర వందనాలు.

ఇక్కడ అందరం బాగుండాం. నా కళ్లద్దాలే బాగాలేవు, బావిలో పడినాయి.

నువ్వు బియ్యస్సీ చదవతా ఉండావు గదా, ఒక సంగతి చెప్పు. కోతపండగనాడు మా స్త్రీల సమాజం బంతి పోటీ నీకు తెలిసిందే. గుడి గోడ మీద బొగ్గుతో గీత గీస్తారు. ఎవరి బంతి వాళ్లు ఆ గీత కాడినించి వదలాల. ఎవురిది ఎక్కువ లేస్తే వాళ్లు క్రిస్మస్ పాటల ఊరేగింపులో నక్షత్రం మొయ్యాల. మూడేళ్లుగా మగ్దలీనమ్మే మోస్తా ఉంది. ఆ నక్షత్రం వెదురు బద్దలతో మొదట కట్టింది మీ మామ. ఆయన పోయినాక ఒక్కసారన్నా నా చేత్తో మొయ్యాలని ఉందిరా.

ఇద్దరం నెల్లూరులో ఒకే అంగట్లో, ఒకే రోజు కొన్నాం బంతులు. ఆమెది భుజం దాకా లేస్తాది. నాది మోకాలు దాకా లేచి, అలిసిపోయినట్టు కూర్చుంటాది. దానికి ఆమె ఏం పెట్టి పెంచతా ఉందో కనుక్కో.

ఇట్లు,
మోకాలెత్తు బంతి గల మీ అత్త

తా.క.: మగ్దలీనమ్మ మంచి మనిషే. ఈ ముక్క మాత్రం కలం దానంతట అదే రాసేసింది.

*

కాలేజీ హాస్టలు, కావలి,
13-10-1962

గౌరవనీయురాలైన అత్తకు, భౌతికశాస్త్రంలో ఒకే ఒక్కసారి తప్పిన మీ మేనల్లుడు సవినయంగా విన్నవించుకునేది.

మీ ఉత్తరాన్ని ఇక్కడి శాస్త్రజ్ఞుల సభ ముందు, అనగా నలుగురు మిత్రులూ ఒక పళ్లెం పకోడీల ముందు, చదివి వినిపించాను. సభ తేల్చింది ఇది. బంతి నేలకు తగలగానే నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడులో దాచుకున్న శక్తిని తిరిగి ఇచ్చేస్తేనే పైకి లేస్తుంది. మంచి రబ్బరు చాలామటుకు ఇచ్చేస్తుంది. ముసలి రబ్బరు, గాలి తగ్గిన బంతి సగం తామే మింగి, లోలోపల వేడెక్కి ఊరుకుంటాయి, మా వార్డెను గారిలాగా. నేల కూడా అంతే. ఇసుక మింగేస్తుంది, గచ్చు తిరిగి ఇస్తుంది. మీ బంతికి ఎక్కడో కంటికి కనపడని చిల్లి ఉండి ఉంటుంది.

ఇంకొకటి. చలికి రబ్బరు బిగుసుకుంటుంది, వేడికి హుషారవుతుంది. కనుక బంతిని వేడి చేయండి. అయితే వదిలిన ఎత్తును మించి ఏ బంతీ లేవదు, విసిరితే తప్ప. ఇది ప్రకృతి శాసనం. స్త్రీల సమాజానికి కూడా వర్తిస్తుంది.

ఇట్లు,
మీ ఆస్థాన శాస్త్రవేత్త హెబ్రోను

తా.క.: మగ్దలీనమ్మ గారు బంతి పక్కన నిలబడి మాట్లాడితే చాలు, ఆ వేడి గాలికే అది ఉబ్బుతుంది. ఇందులో రహస్యమేముంది?

*

విడవలూరు,
20-10-1962

శాస్త్రవేత్తకు అత్త వందనాలు, ఈసారికి సగమే.

నువ్వు చెప్పినట్టే వేడి చేసినా. శెనక్కాయలు వేయించే ఇసుక ఉంది చూడు, ఆ బాండలిలో పూడ్చిపెట్టి మూతేసినా. కాసేపటికి వీధంతా పొగ. పక్కింటి రమణయ్య తన వలలు తగలబడతా ఉండాయనుకొని కడవతో నీళ్లు తెచ్చి పొయ్యి మీద కుమ్మరించినాడు. మూత తీస్తే బంతి లేదు, నల్లగా దోసె ఉంది. "ఏం చేపమ్మా ఇది? నా జన్మలో చూడలా" అన్నాడు.

పోటీ ఇంక మూడు వారాలు. ముందు మోకాలెత్తు బంతన్నా ఉండె, ఇప్పుడు అదీ లేదు.

ఇట్లు,
దోసె గల మీ అత్త

తా.క.: శెనక్కాయలూ ఆ బాండలిలోనే ఉండినాయి. పారెయ్యబుద్ధిగాక రమణయ్యకు పెట్టినా. ఎగరతాడేమోనని చూస్తా ఉండా. ఇంకా లేదు.

*

కావలి,
25-10-1962

అత్తకు, తలవంచిన మేనల్లుడు రాసుకునేది.

వేడి అన్నాను గానీ వేపుడు అనలేదు కదా! తప్పు నాదే. కట్టెలపొయ్యి గల దేశంలో శాస్త్రాన్ని ఇంకాస్త వివరంగా చెప్పవలసింది.

పార్సిలులో కొత్త బంతి పంపుతున్నాను. ఏడు బంతుల్ని హాస్టలు మేడమెట్ల పైనుంచి వదిలి పరీక్షించాం. ఇదే గెలిచింది. నాలుగోది వార్డెను గారి తల మీద పడినందువల్ల దాని ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేదు. దీనికి ఒంటి వేడి చాలు. పోటీనాడు నడుం దగ్గర చీర రొంటిన దోపుకోండి. బయట ఉంచారా, మీ పాదిరి అయ్యగారు ఆమేన్ అనే వేళకు చల్లారిపోతుంది.

ఇట్లు,
పొయ్యికి దూరంగా ఉండమని కోరే హెబ్రోను

తా.క.: మీ దస్తూరి ఇంత ముత్యాల్లా ఎప్పుడు మారింది? కొత్త కళ్లద్దాలా? మరొకటి, కేవలం విజ్ఞానం కోసం అడుగుతున్నాను. మగ్దలీనమ్మ గారి అమ్మాయి నవోమి టీచరు ట్రైనింగు ముగించి వచ్చిందటగా, ఇంకా ముక్కు పైకెత్తే నడుస్తోందా? ఆ ముక్కు లేచినంత ఎత్తు ఏ బంతీ లేవదు.

*

విడవలూరు,
3-11-1962

హెబ్రోనుకు అత్త నిండు వందనాలు.

బంతి అందింది. పోటీనాడు దోపుకోమన్నావు గానీ, ఒక్కపూట వేడి ఏం చాలతాది? వచ్చిన రోజే రొంటిన కట్టేసినా. నిద్దట్లో కూడా తియ్యలా. ఎవురికీ చెప్పలా.

ఒక్కటే అంతుపట్టలా. మూడేళ్లుగా నాకు ఉప్పురాయి అప్పివ్వని మగ్దలీనమ్మ రోజుమార్చి రోజు వంజరం చేప పులుసు తెస్తా ఉంది. నా నడుం దిక్కు చూస్తాది, కళ్లు తుడుచుకుంటాది, పోతాది. ఆదివారం అయ్యగారు "వ్యాధితో ఉన్న మన సహోదరి" కోసరం అరగంట ప్రార్థన చేసినాడు. ఎవురో పాపం. నేనూ గట్టిగా ఆమేన్ అన్నా.

ఇట్లు,
వెచ్చని బంతి గల మీ అత్త

తా.క.: నవోమి ముక్కు కులాసా. నువ్వు అడిగినట్టు దానికి తెలిసింది.

*

కావలి,
6-11-1962

అత్తకు అత్యవసరంగా.

ఇది గూఢచర్యం! మీ రొంటిన ఏముందో ఆమె పసిగట్టారు. పులుసు తినండి, రహస్యం మాత్రం కక్కకండి. ఆ కన్నీళ్లు ఉల్లిపాయలవి.

ఇట్లు,
యుద్ధ సలహాదారు హెబ్రోను

తా.క.: నవోమికి ఎలా తెలిసింది? నా ఉత్తరాలు ఎవరికీ చూపకండి. ముఖ్యంగా తా.క.లు.

*

విడవలూరు,
12-11-1962

హెబ్రోను గారికి, మీ అత్తగారి కలం వందనాలు.

అవును, నేనే, నవోమిని. కళ్లద్దాలు ఇంకా బావిలోనే ఉన్నాయి. మొదటినుంచీ అత్తగారు చెబుతుంటే రాసిందీ, మీవి వస్తే చదివి వినిపించిందీ నేనే, తా.క.లతో సహా. బంతి సంగతి మా అమ్మకు చెప్పనని ముందే చేతిలో చెయ్యి వేయించుకున్నారు.

నిన్న పోటీ జరిగింది. ముందు మా అమ్మ వంతు. ఆమె బంతి తుస్సుమని చీలమండ దాకా లేచి ఆగిపోయింది. తర్వాత అత్తగారు వచ్చి, అందరి ముందూ రొంటి ముడి విప్పి బంతి బయటికి తీశారు. "గడ్డ ఊడొచ్చింది! స్తోత్రం!" అని మా అమ్మ ఒక్క కేక పెట్టింది. అయ్యగారు అక్కడికక్కడే ఇంకో ప్రార్థన ఎత్తుకున్నారు.

అప్పుడు తెలిసింది నాకు పులుసుల మర్మం. మీ అత్తగారి నడుముకు గడ్డ లేచిందని, ఇదే ఆమె చివరి క్రిస్మస్ అని, చిన్నపిల్లనని నాకు తప్ప సమాజమంతా చెప్పుకుందట. నక్షత్రం ఆమెకే దక్కాలని మా అమ్మ ఆ పొద్దున తన బంతిని తానే సూదితో పొడుచుకుంది.

"నా కోసరం పొడిచినావా మే?" అన్నారు అత్తగారు.

"పొడిచినా. ఆరు పులుసులు చేసినా. గడ్డ గాదని ఒక్క మాట చెప్తే నీ నోరు అరిగిపొయ్యేదా?"

ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు, తర్వాత నవ్వారు, తర్వాత పులుసులో ఉప్పు గురించి పోట్లాడారు. నక్షత్రం అత్తగారిదే. పక్కన నడుస్తూ తప్పులు పట్టే పని మా అమ్మది.

మీ తా.క.లు అమ్మకు ఇంకా చదవలేదు. చదవాలా వద్దా అనేది మీరు డిసెంబరు ఇరవై మూడున పాటల ఊరేగింపుకు వచ్చి పెట్రొమాక్సు లైటు మోసే తీరును బట్టి ఉంటుంది. నా పక్కనే నడవాలి. ముక్కు ఎత్తు కొలుచుకోవచ్చు.

ఇట్లు,
నవోమి

తా.క.: "విసిరితే తప్ప" అనే ముక్క అత్తగారు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. నిన్న అయ్యగారి ప్రార్థన మధ్యలోనే ఆమె బంతి నేలకు తగిలింది. చప్పుడికి అందరూ కళ్లు తెరిచేసరికి అది గీతకు జానెడు పైన ఉంది. అద్భుతమన్నారు. నేను మాత్రం ప్రార్థనలో ఒక కన్నే మూశాను. మీ ప్రకృతి శాసనానికి ఏ భంగమూ కలగలేదని హామీ ఇస్తున్నాను.